కప్పు గెలిస్తే... కప్పులూ సాసర్లూ!

దేశానికి కప్పు గెలిచి తెస్తే మీకేమిస్తారనుకుంటున్నారు? కాఫీ సెట్టు! నవ్వకండి, నిజమే. 1989లో పశ్చిమ జర్మనీ అమ్మాయిలు నార్వేని 4–1తో ఓడించి ఫుట్‌బాల్‌లో యూరప్ విజేతలైతే, అక్కడి ఫుట్‌బాల్ సంఘం తలా ఓ పూల డిజైను పింగాణీ సెట్టు చేతిలో పెట్టింది. అదీ రెండో రకం సరుకట! 1970 దాకా ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌ని నిషేధించిన సంఘం మరి.

ఆ జట్టులోని డిఫెండర్ డోరిస్ ఫిట్షెన్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. కప్పులు చూసుకుని కూర్చోలేదావిడ. దేశం తరఫున 144 మ్యాచ్‌లాడారు. నాలుగుసార్లు యూరప్ టైటిలు, 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం గెలిచారు. 2001లో ఆట మానేశాక అదే సంఘంలో మహిళా జట్టుకి మేనేజరయ్యారు.

2025 మార్చిలో, 56 ఏళ్ళకే కన్నుమూశారు. అంతకు మూడేళ్ళ ముందు అదే సంఘం, యూరప్ కప్పు గెలిస్తే ఒక్కొక్కరికీ 60,000 యూరోలిస్తామంది. ఫైనల్లో ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి.