దారి కలదు – ఎవరికి?

ధర్మపురి దగ్గర వత్తల్‌మలై అని ఒక కొండ ఉన్నది. పైన కాఫీ, మిరియాల తోటలు. మలయాళీలని పేరేగాని తమిళమే మాట్లాడే గిరిజనుల పల్లెలు. ఆ మధ్య మన సంఘ సభ్యులం కొందరం వెళ్ళాము. మెలికల రోడ్డు చూచి, ‘ఇది వేయకముందు దారి లేదా?’ అని ఒక పెద్దాయనను అడిగాము. ‘దారికేం సార్, ఉండేది. మేం నడిచేవాళ్ళం. బండి నడిచేది కాదు’ అన్నాడు, అరవంలో.

గుమాస్తా పని చేసే మాకు ఆ మాట మనసులో నిలిచిపోయినది. రిజిస్టరులో ‘దారి: కలదు’ అని రాసి ఊరుకుంటాము గదా! కలదు సరే, ఎవరికి? మనిషికా, ఎద్దుకా, లారీకా? ఆఫీసులో ఇట్టి పొరపాటుకు మెమోతో సరి. సైన్యంలో అయితే ప్రాణాలే పోతాయి.

నిదర్శనానికి దూరం పోనక్కరలేదు. 1791 మేలో కారన్‌వాలిసు సేన శ్రీరంగపట్నం దాకా వెళ్ళి వెనుదిరిగినది. పెద్ద ఫిరంగులున్నవి, వాటిని లాగే ఎడ్లు చచ్చిపోయినవి, తిండిగింజలు కరువైనవి, వానలు పట్టుకున్నవి. ఆ ఫిరంగులను తామే పాడుచేసి పోవలసివచ్చినది. ఫిరంగికి ఎద్దు, ఎద్దుకు మేత, మేతకు దారి, దారికి వాన – ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడినవే. ఒక ముడి తెగితే తక్కినవి ఉండీ లాభం లేదు.

1792 సంధిలో టిప్పు సుల్తాను ఈ బారామహల్ సీమను కుంపిణీకి వదులుకున్నాడు. ఇక్కడికి అధికారిగా వచ్చిన అలెగ్జాండర్ రీడ్ ఆ యుద్ధంలో వేగు సమాచారం చూచిన సైనికుడే. అతని సహాయకుడు థామస్ మన్రో – తరువాత మన రాయలసీమకు కలెక్టరైన మన్రోయే. 1799 దాకా వారు పొలాలు కొలిపించి, పొలాన్ని రైతుతో, రైతును శిస్తుతో ముడివేసి లెక్కలు రాయించారు.

నేడు అటువంటి ముడులనే సైన్యాలు కంప్యూటర్లకు నేర్పుతున్నవి. 1998లో అమెరికా, కెనడా, బ్రిటన్, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ కలిసి ఇందుకొక ఉమ్మడి కార్యక్రమం మొదలుపెట్టినవి. అందులో తయారైన నమూనాలో వస్తువులన్నీ ఐదు తెగలు: వ్యక్తులు, దళాలవంటి సంస్థలు, సామగ్రి, కట్టడాలు, నేల తీరు. ఏది ఎక్కడున్నది, ఎవరి అధీనం, ఏ పనికి ఏది కావలె – అంతా ముందుగా అర్థం నిర్ణయించుకున్న మాటల్లోనే రాయాలి. అప్పుడే ఒక దేశం పంపిన ‘వంతెన’ మరొక దేశానికీ వంతెనగానే అందుతుంది.

అయితే ఆ గడులు నింపేవాడు మనిషే. అతడు ‘కలదు’ అని రాసి కలం మూసేస్తే ఎంత గొప్ప కంప్యూటరైనా ఏమి చేయగలదు? మనిషి నడకను, బండి నడకను విడదీసి చెప్పిన ఆ కొండ పెద్దాయన వంటివాడు కావాలి.

మేమైతే మా రిజిస్టరులో ఒక గడి అదనంగా గీసుకున్నాము: ‘ఎవరికి?’