వార్తల్లో పదం: క్వార్టర్‌బ్యాక్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాదాపు ప్రతి ఎత్తుగడలోనూ బంతి మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చేదీ అతడే. కాబట్టి ప్లేఆఫ్స్ ముందు తడబడితే అతణ్నే నిలదీయాలంటారు అభిమానులు. అందులో కొంత న్యాయం ఉంది. కానీ ఆ తడబాటులో అతడి వాటా ఎంతో చూడకుండా తీర్పు చెప్పడం తొందరపాటే.

2012 సీజన్‌లో బాల్టిమోర్ రేవెన్స్ చివరి ఐదు మ్యాచ్‌లలో నాలుగు ఓడింది. దాడి వ్యూహాలు చూసే కోచ్‌ను డిసెంబరులోనే తప్పించారు. జట్టు క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో మీద నమ్మకం సడలింది. అదే ఫ్లాకో నాలుగు ప్లేఆఫ్ మ్యాచ్‌లలో 11 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి, ఒక్క బంతీ ప్రత్యర్థికి చిక్కనివ్వకుండా సూపర్ బౌల్ గెలిపించాడు. అదృష్టం కలిసొచ్చిందంటారా? నిజమే. డెన్వర్‌లో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో నిర్ణీత సమయం ముగియడానికి 31 సెకన్ల ముందు వచ్చిన 70 గజాల టచ్‌డౌన్‌లో, బంతి దిగే చోటును తప్పుగా అంచనా వేసిన డిఫెండర్ పాత్రా ఉంది. అయితే నాలుగు మ్యాచ్‌లూ అదృష్టంతోనే గడవవు. ప్లేఆఫ్స్‌కు ముందు అతడికి కాపుగా నిలిచే లైన్‌నూ మార్చారు: బ్రయంట్ మెకిన్నీ ఎడమ కొసకు వచ్చాడు, మైకేల్ ఓహర్ కుడికి జరిగాడు.