బట్టమేక పక్షి

ఈ పక్షిని కాపాడుటకు విద్యుత్తీగెలను భూగర్భమున వేయవలెనా యను వివాదము సుప్రీంకోర్టు కెక్కి, 2021లో అట్లు వేయుటకు ఉత్తర్వు వెలువడి, 2024లో అది సడలింపబడినది మొదలు, బట్టమేక పేరు తరచుగా వినవచ్చుచున్నది. మీటరెత్తు నిలిచి, 15 కిలోల వఱకు తూగు ఈ పక్షికి కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే ఎదుటి వస్తువు సరిగా కానరాదు. తీగె యున్నదని తెలిసి తన దేహభారమును మరల్చుకొనులోపలనే తాకి కూలును. సాధారణముగా ఏడాదికొక్క గ్రుడ్డు, అదియు కటికనేలపై, పెట్టు జాతికి ఒక్క మరణమైనను తీరని లోటే. మిగిలినవి 150కి లోపు. అధికభాగము రాజస్థానులోని జైసల్మేరు ప్రాంతముననే.

మన కర్నూలు సీమ రోళ్లపాడులో దీనికొఱకే 1988లో అభయారణ్యము నేర్పఱచినను, చుట్టునున్న మెట్టభూములు కాలువనీటి సేద్యమునకు మారగా, గడ్డినేలనే నమ్మిన ఆ పిట్ట అచ్చట కనుమఱుగయ్యెను. బీడని మనము తీసివేసిన నేలయే దానికి సర్వస్వము. ఇప్పుడు జైసల్మేరు జిల్లాలో, బయట దొరకిన గ్రుడ్లను యంత్రములలో పొదిగించి పిల్లలను పెంచుచున్నారు.