ఆ పూట ఎవరుంటారు?

మాఘం వచ్చిందంటే మా పల్నాడులో మిరపకోతలు. తెల్లవారకముందే ఆడవాళ్ళు ఆటోలెక్కి చేలకు పోతారు. మా వీధి చివరి ఇంటి ఇల్లాలు మాత్రం గడప దాటదు. కొడుక్కి పుట్టుకతోనే మస్తిష్క పక్షవాతం. పంతొమ్మిదేళ్ళవాడు, తనంతట లేవలేడు. ఒళ్ళు కడగటం, అన్నం తినిపించటం, పుండ్లు పడకుండా రాత్రి రెండు మూడుసార్లు లేచి పక్కకు తిప్పటం, అన్నీ ఆమే.

2024 జూలైలో మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలయింది; పూర్తిగా మంచాన పడినవారికి 15,000. సంతోషమే. కాని అది కొడుకు పేర వచ్చే సొమ్ము. ఆమె పోగొట్టుకొన్న కూలి ఏ పద్దులోనూ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 24వ సెక్షనులో, సంరక్షకుల భత్యాన్ని కూడా పేర్కొన్నది. ఆ సంగతి ఎందరికి తెలుసు?

"డబ్బు మాట అలా ఉంచండి మాస్టారూ, నా తరువాత వీడికెవరు?" అన్నదామె ఒకనాడు.

తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు చట్టాలు కొత్త. వెదికాను. బిడ్డకు పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో కన్నతల్లి కూడా సంరక్షకురాలు కాదట! ఇలాంటి వారికోసమే 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. కలెక్టరు ఉండే జిల్లా కమిటీకి తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకొంటే, వారు కోరిన నమ్మకస్థుణ్ణి సంరక్షకుడుగా నియమించవచ్చు. 2022లో పల్నాడు జిల్లా అయింది గనుక కలెక్టరాఫీసు నరసరావుపేటలోనే ఉన్నది.

"దగ్గరేనండీ. ఆ పూట వీడి దగ్గర ఎవరుంటారు?"

ఆ సోమవారం మా ఆవిడ కూర్చున్నది. పక్కకు ఎలా తిప్పాలో ఆమె రెండుమాట్లు చూపించి, వీధి మలుపు దాకా వెనక్కి చూసుకొంటూనే వెళ్ళింది.