కనబడని వాయువుకు బలైన కొండ ఊరు

భూమధ్యరేఖకు ఏడు డిగ్రీల దక్షిణాన, ఉష్ణమండలం నడిబొడ్డున ఉన్న ఒకచోట, కొన్ని ఉదయాల్లో పొలాల మీద మంచు గడ్డకట్టి తెల్లగా పరుచుకొని ఉంటుందంటే మీరు నమ్ముతారా? నమ్మవలసిందే. అది ఇండోనేషియాలోని జావా దీవి మధ్యభాగంలో ఉన్న డియెంగ్ పీఠభూమి.

డియెంగ్ అనే పేరుకు దేవతల నివాసమని అర్థం చెబుతారు. అక్కడ దాదాపు పన్నెండు వందల ఏళ్ళనాటి చిన్న చిన్న రాతి శివాలయాలున్నాయి. జావాలో ఇంకా నిలిచి ఉన్న రాతి కట్టడాల్లో అవి చాలా పాతవి. తర్వాతి కాలపు ప్రజలు వాటికి అర్జునుడు, భీముడు, ఘటోత్కచుడు అని మన భారతంలోని పేర్లే పెట్టుకున్నారు. గుళ్ళ చుట్టూ బంగాళాదుంప, క్యాబేజీ తోటలు. వాటికి కాస్త దూరంలో నేల చీలికల నుండి బుసబుసమని లేచే ఆవిరి, సలసల కాగే బురద గుంటలు. ఆ పీఠభూమి అంతా ఒక పెద్ద అగ్నిపర్వత ప్రాంతమే.

విషపు మంచు

డియెంగ్ సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్నది. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కనుక సముద్రతీరంలో కంటే అక్కడ 13 డిగ్రీలు చల్లన. అయినా మంచు గడ్డకట్టడానికి ఇది చాలదు. మరి ఏం జరుగుతుంది?

అక్కడ జూన్ నుండి ఆగస్టు వరకు వానలు తక్కువ. మేఘాలు లేని రాత్రి నేలలోని వేడి త్వరగా ఆకాశంలోకి పోతుంది. నేలను ఆనుకొని ఉన్న గాలి చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీరు పల్లానికి పారినట్లే కొండవాలు వెంట జారి, లోతట్టు పొలాల్లో నిలిచిపోతుంది. అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దిగి, బంగాళాదుంప మొక్కలు మాడిపోయినట్లు నల్లబడతాయి. దాన్ని అక్కడివారు ‘ఉపస్’ మంచు అంటారు. ఉపస్ అంటే విషం.

బరువైన గాలి పల్లానికి చేరుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇక అసలు కథలోకి వద్దాం.

ఆ తెల్లవారుజాము

ఈ పీఠభూమి మీద బాటుర్ అనే ఊరికి దగ్గరలో కెపుచుకాన్ అనే చిన్న పల్లె ఉండేది. 1979 ఫిబ్రవరి 20వ తేదీ. ఇంకా చీకటిగానే ఉంది. భూమి కంపించింది, ఒక్కసారి కాదు, పలుమార్లు. తర్వాత సినిలా అనే బిలం పెద్ద శబ్దంతో పేలింది. ఆవిరి, బురద, రాళ్ళు పైకి ఎగిశాయి.

భూమి లోపలి వేడికి నీరు ఒక్కసారిగా ఆవిరైతే దాని పరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. మూత బిగించిన పాత్ర లాగా నేల పగులుతుంది. ఇది అలాంటి పేలుడే, లావా పారలేదు.

ఊరివాళ్ళు ఏం చేశారు? మీరైనా, నేనైనా ఏం చేస్తామో అదే చేశారు. పిల్లలను ఎత్తుకొని, పేలుతున్న బిలానికి దూరంగా, బాటుర్ వైపు పోయే బాట పట్టారు. బురదకూ రాళ్ళకూ అందనంత దూరం పోయారు కూడా. కాని ఆ దారిలోనే 140 మందికి పైగా కుప్పకూలి మరణించారు. ఒంటిమీద కాలిన గుర్తులు లేవు, దెబ్బలు లేవు.

వాళ్ళను చంపింది సినిలా కాదు. దారి పొడవునా నేల చీలికల నుండి ఒక వాయువు వెలువడి పల్లపు ప్రదేశాలను నింపింది. శాస్త్రవేత్తలు పరిశీలిస్తే అది దాదాపు స్వచ్ఛమైన బొగ్గుపులుసు వాయువని, అంటే కార్బన్ డయాక్సైడ్ అని తేలింది. దానికి రంగు లేదు, వాసన తెలియదు. ఎదురుగా మృత్యువు నిలిచి ఉన్నదని వారికి తెలిసే మార్గమే లేదు.

18, 29, 44

ఈ మూడు అంకెల్లో ఆ విషాదానికి కారణం దాగి ఉంది. నీటి ఆవిరి అణుభారం 18. గాలిలోని నత్రజనికి 28, ఆమ్లజనికి 32. రెంటినీ వాటి పాళ్ళలో తీసుకుంటే గాలి సగటు అణుభారం సుమారు 29. బొగ్గుపులుసు వాయువులో కార్బన్ 12, ఆమ్లజని రెండు పరమాణువులకు 32, మొత్తం 44.

18 గల ఆవిరి తేలిక, పైగా వేడిది. అందువల్ల అది పైకి లేచి, తెల్లటి మేఘమై అందరికీ కనబడింది, అందరినీ భయపెట్టింది. 44 గల వాయువు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. అది లేవలేదు, కనబడలేదు. చల్లగాలి పారినట్లే పల్లానికి పారింది. గాలి వీచని రాత్రివేళ చెదిరిపోక నిలిచిపోయింది.

మనం రోజూ వదిలే ఊపిరిలో ఉన్న వాయువే గదా, అంత ప్రమాదమా అని మీరు అడగవచ్చు. మామూలు గాలిలో అది పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళు మాత్రమే. నూటికి పది పాళ్ళు దాటితే కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పుతుంది. ఇంకా చిక్కనైతే కొన్ని శ్వాసలు చాలు.

భూమిలో ఇది ఎక్కడి నుండి వచ్చింది? గోలీసోడా కొట్టగానే బుస్సుమని వాయువు వస్తుంది గదా! ఒత్తిడి ఉన్నంతసేపు అది నీటిలో కరిగి ఉంటుంది; ఒత్తిడి తగ్గగానే బయటపడుతుంది. భూగర్భంలోని శిలాద్రవంలో కూడా అలాగే కరిగి ఉంటుంది. శిలాద్రవం పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, వాయువు విడివడి, పగుళ్ళ వెంట పైకి చేరుతుంది.

మీరే చేసి చూడండి

ఉపాధ్యాయుడో పెద్దవారో దగ్గర ఉండగా ఈ ప్రయోగం చేయండి. వెడల్పాటి గాజుపాత్రలో ఒక పొట్టి కొవ్వొత్తి, ఒక పొడుగు కొవ్వొత్తి నిలబెట్టండి. రెండూ పాత్ర అంచుకంటే కిందికే ఉండాలి. అడుగున రెండు చెంచాల వంటసోడా చల్లి, కొవ్వొత్తులు వెలిగించండి. ఫ్యాను ఆపి, పాత్ర పక్కగా నిమ్మరసం మెల్లగా పోయండి. సోడా పొంగుతుంది. ఏ కొవ్వొత్తి ముందు ఆరింది? ఎందుకు? పొట్టి కొవ్వొత్తి ఉన్నచోట ఒక చిన్న పిల్లవాడిని ఊహించుకోండి. కెపుచుకాన్‌లో ఏం జరిగిందో అర్థమవుతుంది.

మన ఊరి బావిలో

ఇది ఎక్కడో జావాలో జరిగిన సంగతి అనుకోకండి. వాడుక లేని పాత బావిలో ఆకులు అలములు కుళ్ళి ఆమ్లజనిని వాడుకుంటాయి, బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. అది బావి అడుగున చేరుతుంది. పూడిక తీయడానికి దిగినవాడు పడిపోతే, రక్షించబోయి మరొకడు, వాడి కోసం ఇంకొకడు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు వింటూనే ఉంటాం. దిగేముందు లాంతరు దించి చూడడం మన పెద్దల అలవాటు. దీపం ఆరితే ప్రమాదం ఖాయం. కాని ఆరకపోతే క్షేమమని చెప్పలేం. బావిలో ఇతర విషవాయువులు, మండే వాయువులు కూడా ఉండవచ్చు. కాబట్టి ఎవరైనా పడిపోతే మీరు దిగకండి, ఎవరినీ దిగనివ్వకండి. 101కి ఫోను చేసి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

మళ్ళీ అదే నేల, మరో ముగింపు

కెపుచుకాన్ పల్లె మళ్ళీ వెలవలేదు. అయినా చుట్టుపక్కల ఊళ్ళు ఉన్నాయి. అగ్నిపర్వతపు నేల సారవంతమైనది. దాన్ని వదిలి రైతులు ఎక్కడికి పోతారు? 2011లో అక్కడి తింబాంగ్ బిలం నుండి మళ్ళీ ఈ వాయువు ఎక్కువగా వెలువడింది. కాని ఈసారి పరిశీలకులు వాయువును కొలుస్తూ, భూకంపాలను నమోదు చేస్తూ ఉన్నారు. ప్రమాద హెచ్చరిక చేసి, సుమారు వెయ్యిమందిని ముందుగానే సురక్షిత స్థలాలకు తరలించారు. 1979 నాటి విషాదం పునరావృతం కాలేదు.

వాయువు మారలేదు, నేల మారలేదు. మారింది మనిషి తెలివిడి. కంటికి కనబడే ప్రమాదం నుండి కాళ్ళు మనల్ని కాపాడతాయి. కనబడని ప్రమాదం నుండి కాపాడగలిగేది కొలత ఒక్కటే. అణుభారాల పట్టికను పరీక్ష కోసం వల్లెవేసేటప్పుడు, 44 అనే అంకె దగ్గర ఒక్క క్షణం ఆగి ఆ పల్లెను తలచుకోండి.