కరెంటు పోయొచ్చినా సెట్టింగు నిలవాలి: కంట్రోలర్ డబ్బాలోని చిప్పు సంగతి



పురుగుల షెడ్డులో వేడి, తేమ చూసుకోడానికి మనం పెట్టుకునే కంట్రోలర్ డబ్బాని నడిపేది మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు. ఆర్డునో యూనో ఆర్3 బోర్డుతో చేసిన డబ్బా అయితే అందులో ఏటీమెగా 328పీ అనే ఎనిమిది బిట్ల చిప్పు ఉంటుంది. ఎనిమిది బిట్లంటే ఒక్కో బైటులో 0 నుంచి 255 వరకు అంకె పడుతుంది. వేడి 28, తేమ 85 రాసుకోడానికి మనకది చాలు.

ఈ చిప్పు జ్ఞాపకం మూడు అరలు:

1. ఫ్లాష్, 32 కిలోబైట్లు. వేడి తగ్గితే హీటర్ వెయ్యి, తేమ తగ్గితే ఫాగర్ వెయ్యి అని చెప్పే ప్రోగ్రామ్ ఇక్కడుంటుంది. కరెంటు పోయినా చెరగదు.

2. ర్యామ్, 2 కిలోబైట్లు. సెన్సార్ అప్పటికప్పుడు చెప్పే లెక్కలు ఇక్కడ. పలక మీద రాత లాంటిది, కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోతుంది.

3. ఈఈప్రామ్, 1 కిలోబైటు. మనం మార్చిన సెట్టింగు దాచాల్సిన చోటు ఇదే. కరెంటు పోయినా నిలుస్తుంది. ఐదు దశల వేడి, తేమ కలిపి 10 అంకెలే, 10 బైట్లు చాలు.

చాకీలో 27–28 డిగ్రీలు, 85–90 శాతం తేమ పెడతాం. ఐదో దశకి 24 డిగ్రీలు, 70 శాతానికి దించుతాం. ఆ మార్పు ర్యామ్‌లోనే ఉంటే, రాత్రి కరెంటు పోయి వచ్చాక డబ్బా ప్రోగ్రామ్‌లో మొదట రాసిన లెక్కకే పోతుంది. అది చాకీ లెక్క అయితే తెల్లారేదాకా పెద్ద పురుగు మీద చాకీ తేమే. సున్నపుకట్టు రోగానికి అంతకంటే ఏం కావాలి?

ఈఈప్రామ్‌కీ ఆయుష్షు ఉంది. ఒక్కో చోట లక్షసార్లు రాయొచ్చని కంపెనీ లెక్క. నిమిషానికోసారి అదే చోట రాస్తే రోజుకి 1,440 సార్లు, 70 రోజుల్లో లక్ష దాటుతుంది. అందుకే సెట్టింగు మార్చినప్పుడు మాత్రమే రాయాలి.

షెడ్డులోకి పురుగు రాకముందే మేము చేసే పరీక్ష ఇది: 24, 70 అని పెట్టి, స్విచ్ ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ వెయ్యండి. అవే అంకెలు కనిపిస్తే సరే. లేకపోతే డబ్బా చేసినవాళ్లని “సెట్టింగు ఈఈప్రామ్‌లో రాయండి” అని అడగండి. 328పీ అయితే ప్రోగ్రామ్ మారిస్తే చాలు. ఏటీ89ఎస్52 చిప్పులో ఈఈప్రామ్ లేదు, దానికి బయట ఇంకో చిప్పు కావాలి.

పరీక్షలో ఏం తేలిందో గ్రూపులో పెట్టండి, పక్కవాళ్లకీ పనికొస్తుంది.