పుట్టిల్లు లేని తల్లికి పని

మన కర్నూలు, కడప జిల్లాల్లో ఏ ఇంట్లోనైనా ఆడపిల్ల తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. నలభై రోజులు నానీయో, ఖాలాయో బిడ్డకు నీళ్లు పోస్తారు. తల్లి మళ్లీ పనికి పోయేనాటికి బిడ్డను ఎత్తుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉంటుంది. బాలసదనంలోనో, పెంపక కుటుంబంలోనో పెరిగి 18 ఏళ్లు నిండగానే బయటికి వచ్చిన అమ్మాయికి ఆ మనిషి లేదు. ఆమెకు పుట్టిల్లంటే ఆ సదనమే. అక్కడి రిజిస్టరులో ఆమె పేరు ఇప్పుడు లేదు.

యతీమ్ పిల్లల చదువుకు, బట్టలకు, భోజనానికి మన దాతలు మనసారా ఇస్తున్నారు. 18 నిండితే ఇక పెద్దవాళ్లయ్యారని అనుకుంటాం. పెళ్లి చేస్తే బాధ్యత తీరిందనుకుంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఇది తల్లిదండ్రులున్న పిల్లలను కూడా కలుపుకున్న లెక్క. వెనుక ఎవరూ లేని పిల్లకు వచ్చిన సంబంధాన్ని వద్దనేవారెవరు? ఇరవై ఏళ్లకే చంకలో బిడ్డ ఉంటుంది, చేతిలో పని ఉండదు.

చట్టం ఈ వయసును మరచిపోలేదు. సదనం వదిలిన వారికి ఆర్థిక సాయం అందించవచ్చని 2015 బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ చెబుతోంది. 2016 నమూనా నియమాల ప్రకారం ఈ అనంతర సంరక్షణ 21 ఏళ్ల దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 ఏళ్ల దాకా కొనసాగవచ్చు. మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు ఇందుకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించాయి. దీనికి జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. అడగాలని తెలియని పిల్లకు ఇది అందదు.

ఇక పని సంగతి. బట్టల కొట్టులోనో, ఆసుపత్రిలో ఆయాగానో, టైలరు దగ్గరో పని దొరుకుతుంది. అది నిలబడటమే కష్టం. మొదటి అడ్డంకి బిడ్డ. అంగన్‌వాడీలో ఆటపాటల చదువు మూడేళ్లు నిండిన పిల్లలకే. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. మన బజార్లోని కొట్లలో పనిచేసేది నలుగురైదుగురే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. చార్జీ బాధ తప్పింది గాని బిడ్డను ఎవరి దగ్గర వదలాలన్న బాధ తప్పలేదు.

రెండవది కాగితాలు. బీసీ-ఇ ధ్రువపత్రానికి తండ్రి వైపు వివరాలు అడిగితే, తండ్రి ఎవరో తెలియని పిల్ల ఏం చూపిస్తుంది? మూడవది మొదటి నెల. జీతం నెలాఖరుకు వస్తుంది. ఇంటి అడ్వాన్సు, బియ్యం, పాలు ఈ రోజే కావాలి. చేబదులు ఇవ్వడానికి మామూ లేడు.

సదనంలో పెరిగిన యువ తండ్రులకూ ఇదే కష్టం. పనుల్లేని కాలంలో ఆదోని, కోసిగి పల్లెల వాళ్లు మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోతారు. ఊళ్లో అవ్వ ఉన్నవారు బిడ్డను ఆమె దగ్గర వదులుతారు. లేనివారు వెంట తీసుకుపోతారు.

కాబట్టి దాతలకు మా విన్నపం ఇది. కుట్టుమిషన్ ఇచ్చి ఊరుకుంటే చాలదు. బిడ్డ ఏడుస్తుంటే మిషన్ తిరగదు. అదే వీధిలోని ఒక పేద పెద్దావిడకు నెలనెలా కొంత ఇచ్చి బిడ్డను చూసుకోమంటే రెండిళ్లలో పొయ్యి వెలుగుతుంది. కాన్పు తర్వాత నలభై రోజుల ఖర్చు, ఇంటి అడ్వాన్సు, అబ్బాయికి డ్రైవింగ్ లైసెన్సు ఖర్చు కూడా ఇలాంటి సాయాలే. కొట్టు, కార్ఖానా ఉన్నవారు ఒక్కరికి పని ఇచ్చి, బిడ్డకు జ్వరం వచ్చిన రోజు కసురుకోకుండా ఉంటే అదీ పెద్ద సాయమే. జకాత్‌కు హక్కుదారులైన పేదల్లో వయసు పట్టింపు లేదు.

యతీములకు వారి సొమ్ము అప్పగించే ముందు పెళ్లీడు వచ్చిందా అన్నదానితో పాటు వివేకం కుదిరిందా అని కూడా చూడమని సూరా నిసా చెబుతుంది. కేవలం వయసు చూసి చేయి వదలవద్దనే మేము దాన్ని అర్థం చేసుకుంటున్నాం. మీరు చదివించిన పిల్లకు 18 నిండితే, ఆ ఏడాది సాయం ఆపే ముందు ఆమె ఎక్కడ ఉంటోందో, ఏం పని చేస్తోందో, బిడ్డ ఉంటే ఎవరు చూస్తున్నారో ఒక్కసారి అడగండి.